ఫోరం మూతపడిన ఏడాది

బాల్ బ్యాడ్మింటన్ ఆడతానని చెబితే చాలామంది "ఓ, షటిలా?" అంటారు. కాదు. పసుపుపచ్చ ఉన్ని బంతి, ఒక్కో వైపు ఐదుగురు, ఆరుబయట కోర్టు. గాలి ఎటు తోస్తే బంతి అటు వంగుతుంది. ఒంగోలులో కాలేజీ రోజుల్లో నేను వెనక వరుసలో ఎడమ వైపు ఆడేదాన్ని. పెళ్ళయి గుంటూరు వచ్చి, మిర్చి కోల్డ్ స్టోరేజీలో అకౌంట్స్ ఉద్యోగంలో చేరాక రాకెట్ బీరువా మీదికి ఎక్కింది.

ఫోరం నా కంటపడింది అప్పుడే. మధ్యాహ్నం భోజనాల వేళ ఆఫీసు కంప్యూటర్‌లో, రాకెట్‌కి తీగల వల, అదే కొత్త గట్టింగ్, ఎక్కడ వేస్తారో వెతుకుతుంటే తెరుచుకుంది. చీరాలలో నేత చీరల దుకాణం నడిపే ఒకాయన మా ఆటవాళ్ళంతా రాసుకోవడానికి సొంతంగా పెట్టిన వెబ్‌సైటు అది. ఆయనా ఒకప్పుడు జిల్లాకి ఆడినవాడే. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో బంతి పట్టుకున్న ప్రతివాడూ అక్కడ తేలేవాడు. తడిసిన బంతి ఎలా ఆరబెట్టాలి, ఎదురుగాలిలో సర్వీసు ఎంత ఎత్తున వెయ్యాలి, ఫలానా పంచాయతీ కోర్టులో గీతలు వంకరగా ఉన్నాయా లేదా, ఇలాంటి వాటి మీద వారాల తరబడి వాదించుకునేవారు. సగం మంది తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో రాసేవారు. ఆయన మటుకు తెలుగులోనే, ఉత్తరం రాసినంత పొందికగా జవాబిచ్చేవాడు. పైన ఒకే ఒక నియమం పెట్టాడు: ఆట గురించి ఎంతైనా పోట్లాడండి, మనిషి గురించి ఒక్క మాట వద్దు.

నేను ఆడదాన్నని బయటపడ్డ రోజు చిలకలూరిపేట నుంచి ఒకతను, పురుగుమందుల షాపు యజమాని, "ఆడాళ్ళకి బ్యాక్ ఆట ఏం తెలుస్తుందండీ" అని రాశాడు. చీరాల ఆయన ఆ మాట చెరిపేస్తాడనుకున్నాను. చెరపలేదు. వేసవిలో చీరాలలో సభ్యులందరికీ సరదా పోటీ పెట్టి, అతన్ని నాకు సరిగ్గా ఎదురుగా నిలబెట్టాడు. బీరువా మీంచి రాకెట్ దించుకుని వెళ్ళాను. మొదటి గేములోనే అతని తల మీదుగా నాలుగైదు బంతులు వెనక గీత దగ్గర పడేశాను. ఆట అయ్యాక అతనే నీళ్ళ సీసా తెచ్చిచ్చి, "నోరు జారాను, ఏమనుకోకక్కా" అన్నాడు. అప్పటి నుంచి అక్కా అనే పిలుస్తున్నాడు. ఫోరం వల్ల నాకు మళ్ళీ ఆట వచ్చింది, ఒక తమ్ముడూ వచ్చాడు.

తర్వాత అందరి చేతుల్లోకీ స్మార్ట్‌ఫోన్లు వచ్చాయి. వాట్సాప్ గ్రూపు పెట్టింది ఆ తమ్ముడే. "ఫోరం ఎవడు తెరుస్తాడక్కా? ఇదైతే జేబులో మోగుద్ది" అన్నాడు. అందరం చేరాం. చీరాల ఆయన చేరలేదు. "నేనొక మాట ఆలోచించి రాసేలోపు వంద దండాలు, వంద పూల బొమ్మలు పడతయ్యమ్మాయ్. నావల్ల కాదు" అన్నాడు. నేను రెండు చోట్లా ఉన్నాను. ఫోరంలో కొత్త ప్రశ్నలు తగ్గాయి. పాత ప్రశ్నల కింద ఎవరో తెలియనివాళ్ళు పేకాట ప్రకటనలు, బెట్టింగ్ లింకులు అంటించి పోయేవారు. ఆయన రోజూ పొద్దున్నే దుకాణం ఊడ్చినట్టు వాటిని ఊడ్చేవాడు.

ఆ రోజుల్లోనే మా పేటలో మునిసిపల్ స్కూలు గ్రౌండులో సాయంత్రాలు ఆడపిల్లలకి ఆట నేర్పడం మొదలుపెట్టాను. మిర్చి సీజన్‌లో మార్కెట్ యార్డు వైపు నుంచి ఘాటు కొట్టి అందరం దగ్గుతూనే ఆడేవాళ్ళం. ఆ గుంపులో డిగ్రీ చదివే ఒకమ్మాయి ఉండేది. ఎడమచేతి వాటం. వాళ్ళ నాన్న యార్డులో కాటా దగ్గర పనిచేస్తాడు. ఫోరం గురించి చెబితే ఆ పిల్ల పాతవన్నీ కూర్చుని చదివింది. తన సందేహాలు రాసింది. అంత ఖాళీ అయిపోయిన చోట కొత్త ప్రశ్న కనబడేసరికి చీరాల ఆయన ఉబ్బిపోయి పేజీలకి పేజీలు జవాబులు రాశాడు.

నరసరావుపేటలో జరిగిన పోటీకి ఆ అమ్మాయిని తీసుకెళ్ళాను. రెండో గేములో నెట్ దగ్గర జారిన బంతి కోసం ముందుకి దూకి మట్టిలో బోర్లా పడింది. ఎవరో ఫోన్లో తీశారు. మర్నాడు మా గ్రూపులోకి వచ్చింది ఆ వీడియో. ఆ పిల్ల పడటం, చొక్కా పైకి జరగడం, సర్దుకుంటూ లేవడం, అంతా నెమ్మది చేసి వెనక ఒక పాట తగిలించారు. కింద నవ్వే బొమ్మలు. రాయకూడని మాటలు. రాసినవాళ్ళలో నా ఎదురుగా ఆడినవాళ్ళు, మా ఇంట్లో కాఫీ తాగినవాళ్ళు ఉన్నారు. "ఇది తీసెయ్యండి" అని రాశాను. దాని మీద ఇంకో నవ్వే బొమ్మ పడింది.

చీరాలకి ఫోన్ చేశాను. ఆయన అంతా విని, "నేనొస్తన్నా. చిలకలూరిపేట బస్టాండులో ఉండు" అన్నాడు. ఇద్దరం కలిసి తమ్ముడి పురుగుమందుల షాపుకి వెళ్ళాం. పత్తి రైతులు కౌంటరు ముందు నిలబడి ఉన్నారు. తమ్ముడు వాళ్ళని పంపించి మాకు కుర్చీలు వేశాడు.

"నేను పెట్టలేదు గదక్కా! ఎవడో ఫార్వర్డ్ చేశాడు" అన్నాడు.

"అడ్మిన్‌వి నువ్వే గదా."

"ఉన్నది మూడొందల మంది. ఎవణ్ణని ఆపను? తీసేస్తే వేరే గ్రూపు పెట్టుకుంటారు."

చీరాల ఆయన కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. "ఏరా, నువ్వు ఈమెని ఒక మాటన్నావ్, గుర్తుందా? నిన్ను తీసుకొచ్చి ఈమెకి ఎదురుగా నిలబెట్టా. వీళ్ళని ఎవరికి ఎదురుగా నిలబెడతావ్?"

తమ్ముడు తల వంచుకుని ఫోన్ తీశాడు. మా కళ్ళ ముందే వీడియో తీసేశాడు. "నా గ్రూపులోంచి తీశా బాబాయ్. మిగతాచోట్ల ఉన్నదాన్ని నేనేం చెయ్యను?" అన్నాడు. అతని గొంతులో అబద్ధం లేదు. అందుకే నాకు ఇంకా దిగులేసింది.

తిరిగి బస్టాండుకి నడుస్తూ ఆయన, "ఫోరంలో తీసేస్తే తీసినట్టేనమ్మాయ్. ఇక్కడ తీసేదేముంది, అందరి జేబుల్లోనూ ఉంటే" అన్నాడు.

ఆ వారం ఆ అమ్మాయి గ్రౌండుకి రాలేదు. ఇంటికి వెళ్ళాను. వాళ్ళమ్మ తలుపు దగ్గరే నిలబడి, "మీ మీద కోపం లేదండి. కాటా దగ్గర హమాలీలు ఆయనకే చూపించారంట. మీ పాప గదా అన్నారంట. ఆ రోజు నుంచి ఇంట్లో మాట్లాడట్లా ఆయన" అంది.

అమ్మాయి లోపల్నుంచి వచ్చింది. ఏడుస్తుందనుకున్నాను. కోపంగా ఉంది.

"నేనా బంతి తీశాను ఆంటీ. పడ్డాక కూడా తీశాను. పాయింటు మనకే వచ్చింది. సరిగ్గా ఆ ముక్కే కట్ చేశారు."

నేను అక్కడే ఉన్నాను. చూశాను. పడ్డచోటి నుంచే ఎడమచేత్తో తిప్పింది, బంతి నెట్ అంచు తాకి అవతల పడింది. ఇంటికి వెళ్ళి ఆ పాయింటు మొత్తం ఫోరంలో రాశాను. ఎవరు ఎక్కడ నిలబడ్డారు, గాలి ఎటు ఉంది, బంతి ఎన్ని చేతులు మారింది, చివరికి ఆ పిల్ల ఏం చేసింది. వాట్సాప్‌లో వీడియో చూసినవాళ్ళు ఇది చదవాలని లింకు గ్రూపులో పెట్టి, గ్రూపులోంచి బయటికొచ్చేశాను. ఫోరంలో నా రాతకి జవాబిచ్చింది చీరాల ఆయన ఒక్కడే. "మంచి పాయింటు. ఆ మణికట్టు తిప్పటం నేర్పితే వచ్చేది కాదు" అని.

మళ్ళీ పత్తి తీతలు మొదలయ్యే వేళకి ఆయన ఫోరం మూసేస్తున్నానని ప్రకటించాడు. కళ్ళు సహకరించడం లేదు, చెత్త ఊడ్చలేకపోతున్నాను అన్నాడు. ఏళ్ళ తరబడి కనిపించని వాళ్ళంతా ఒక్కసారిగా వచ్చి "మూసెయ్యొద్దు బాబాయ్" అని రాశారు. తమ్ముడూ రాశాడు. వాళ్ళెవరూ ఒక్క ప్రశ్న అడగలేదు, ఒక్క జవాబివ్వలేదు. చెప్పిన రోజున అది మూతపడింది. ఎలా దాచుకోవాలో తెలియక, కొన్ని పేజీలు ఆఫీసు ప్రింటరు మీద తీసుకున్నాను. అన్నీ తీసే ఓపిక, వీలు రెండూ లేకపోయాయి.

మొన్న మంగళగిరిలో పనుండి వెళితే ఆ అమ్మాయి బస్టాపులో కనిపించింది. అక్కడే ఏదో ఆఫీసులో చేరిందట. ఫోన్ నంబరు మార్చుకుంది. ఆడుతున్నావా అంటే తల అడ్డంగా ఊపింది.

"మీరు రాసింది అప్పుడే చదివాను ఆంటీ. నాన్నకి కూడా చదివి వినిపించాను."

"ఏమన్నారు?"

"బంతి నెట్‌కి తగిలినా పాయింటేనా అని అడిగారు. పాయింటేనన్నాను. అప్పట్నుంచి మాట్లాడుతున్నారు."

"మరి ఆడొచ్చుగా?"

"ఆడతంటే ఎవడు ఫోన్ పట్టుకున్నాడో చూసుకోవాలి ఆంటీ. బంతిని చూడనివ్వరు."

బస్సొస్తే ఎక్కేసింది. మా గ్రౌండులో ఇప్పుడు నలుగురు పిల్లలే వస్తున్నారు. ఐదో స్థానంలో నేనే నిలబడుతున్నాను. ఆట మొదలయ్యేముందు ఫోన్లన్నీ ఒక సంచిలో వేయిస్తున్నాను. గోడ అవతల రోడ్డు మీద ఎవరైనా ఆగితే మటుకు పిల్లలతో పాటు నేనూ తల తిప్పి చూస్తున్నాను.