కత్తిరింపుల్లో ఢిల్లీరావు

టెక్కలిలో పెళ్లి ఫొటోగ్రాఫర్లకి కొదవ లేదు గానీ, వాళ్లు తీసిన వీడియోలన్నీ చివరికి చేరేది ఒక్క ఇంటికే. బస్టాండు వెనక వీధిలో, మేడ మీద ఒక్క గది. బోర్డు ఉండదు. మిక్సింగ్ ప్రమోదిని ఇల్లు ఏదంటే ఎవరైనా చెయ్యి చూపిస్తారు. మనిషి మాట కటువు, చెయ్యి మాత్రం బహు మెత్తన. పలాస నుంచి భావనపాడు దాకా పదకొండేళ్లుగా జరిగిన పెళ్లిళ్లలో సగానికి సగం ఆవిడ చేతుల్లోనే ఒక రూపానికి వచ్చాయి. తాళి కట్టేచోట మేళం ఎంత పెంచాలో, పెళ్లికొడుకు ఆవలిస్తే ఎక్కడ కొయ్యాలో ఆవిడకి తెలిసినట్టు ఇంకొకరికి తెలీదు.

ఆ కొయ్యడమే అసలు పని. తీరం ఊళ్లలో పెళ్లంటే ఊరేగింపుకి ముందు డీజే ఉండాలి, డీజే ముందు ఓ గుక్క వేసుకున్న మగాళ్లు ఒళ్లు మరిచి గెంతాలి. గెంతినంతసేపూ అందరూ ఈలలేస్తారు. తీరా వీడియో చేయించేటప్పుడు మాత్రం పెళ్లివాళ్లకి మర్యాద గుర్తొస్తుంది. ఆ తాగినోళ్లని తీసెయ్యమ్మా, అత్తోరు చూస్తారు అంటారు. ప్రమోదిని తీసేసేది. ఇన్నేళ్లలో ఎంతమంది మగాళ్లని ఎన్ని పెళ్లిళ్లలోంచి తీసేసిందో ఆవిడకే లెక్క లేదు.

అయితే కోసిన ముక్కని పారేసేది కాదు. ఎవరికి ఎప్పుడు ఏది కావాలో ఎవరు చెప్పొచ్చారు? కెమెరాల్లోంచి వచ్చింది వచ్చినట్టు మొత్తం ఒక నల్లటి పెట్టెలో దాచేది. అది ఇంట్లో పెట్టుకునే సర్వరు. లోపల నాలుగు డిస్కులు. ఒకటి చచ్చినా మిగతా మూడూ కలిసి దాని పని కాపాడతాయి. ఫొటోగ్రాఫరైన భర్త మనోహర్ ఒకసారి, "ఇంకో కాపీ ఎక్కడైనా ఉన్నాదా?" అని అడిగాడు. పెట్టే కాపీ అయినప్పుడు కాపీకి కాపీ దేనికని ఆవిడ అతని నోరు మూయించింది. ఆ ఒక్క మాటకి తరవాత ఎంత ఏడ్చిందో చెప్పనలవి కాదు.

మొన్నటి దసరా వెళ్లిన వారానికి, పొద్దున్నే ఎవరో కింద వీధిలోంచి పిలుస్తున్నారని ప్రమోదిని దిగి వెళ్లింది. భావనపాడు గంగమ్మ. అంతకు అయిదు రోజుల కింద ఆమె మొగుడు ఢిల్లీరావు వేటకి వెళ్తూ ఒడ్డు దగ్గర అలల్లోనే తెప్ప బోల్తాపడి పోయాడు. ఇద్దరు ఈదుకొచ్చారు, అతను రాలేదు. మూడోనాడు శవం కొట్టుకొస్తే మొలతాడు చూసి గుర్తుపట్టారు. మొహం చూసేలా లేదని గంగమ్మని దగ్గరికి రానివ్వలేదు. మైలలో ఉన్న మనిషి ఇల్లు కదలకూడదు. అయినా వచ్చింది. పైకి రమ్మంటే రాలేదు, గోడవారన నిలబడే మాట్లాడింది.

ఆమెకి కావలసింది మొగుడి ఫొటో. పెద్దకర్మకి పెట్టుకోవడానికి ఇంట్లో ఒక్కటీ లేదు. పెళ్లినాటి ఫొటోలు తిత్లీ తుఫానుకి తడిసి ముద్దయిపోయాయి. ఆధార్ కార్డు అతనితోపాటే సముద్రంలోకి పోయింది. కొత్తది తీద్దామంటే ఓటీపీ వచ్చే ఫోనూ అతని జేబులోనే ఉంది. మిగిలిన జిరాక్సులో మొహం ఉండాల్సిన చోట నల్లటి మరక. ఫొటో తీస్తే ఆయుష్షు తగ్గుతుందని కెమెరా కనిపిస్తే పారిపోయే రకం ఢిల్లీరావు. తాగినప్పుడు మాత్రం అది మరిచిపోయి ఊరేగింపులో అందరికంటే ముందు గెంతేవాడు.

"నాలుగు పెళ్లిళ్ల వీడియోలు టీవీల్లో ఎయ్యించుకుని సూసినానమ్మా," అంది గంగమ్మ. "నాలుగింటా గెంతినాడు, నాను కళ్లారా సూసినాను. వీడియోలో లేడు. ఒక సోట సెయ్యొక్కటి కనబడ్డాది. అది మా మావ సెయ్యే. మిగతా మనిషిని ఎవులు తీసేసినారంటే నీ పేరు సెప్పినారు."

నిష్ఠూరంగా అన్నా బాగుండేది. వట్టి సంగతి చెప్పినట్టు చెప్పింది.

"నా కాడ ఉన్నాడు పిన్నీ. పెద్దకర్మ నాటికి నీ సేతిలో పెడతాను," అంది ప్రమోదిని.

ఇచ్చిన మాట తేలికనుకుంది. ఆ నాలుగు పెళ్లిళ్ల కత్తిరింపులూ రెండు రోజులు కూర్చుని చూసింది. ఢిల్లీరావు ఉన్నాడు. వీపు ఉంది, ఎగిరే లుంగీ ఉంది, పైకెత్తిన చేతులున్నాయి. మొహం మాత్రం ఒక్కచోటా తిన్నగా పడలేదు. తీరంలో పదేళ్లుగా ఏ పెళ్లిలోనూ గెంతకుండా ఉండని మనిషి, వేరే పెళ్లిళ్లలో ఎక్కడో కెమెరాకి ఎదురుపడే ఉంటాడు. కానీ ఉన్నవి వేలాది ముక్కలు. అన్నీ చూడాలంటే ఏడాది పడుతుంది, పెద్దకర్మ నాలుగు రోజుల్లో ఉంది.

అప్పుడు కనబడింది ఆ బీటా. పెట్టెని నడిపే సాఫ్ట్‌వేర్‌కి కొత్త వెర్షన్ వస్తోంది, ఇంకా పరీక్షల్లోనే ఉంది. దానికి మొహాలు ఏరే విద్య నేర్పారట. ఉన్న వీడియోలన్నీ తనే చూసి, కనబడిన ప్రతి మొహాన్నీ చిన్న బొమ్మగా కత్తిరించి వరసగా పేరుస్తుందట. అది పేరిస్తే గంగమ్మే ఏరుకుంటుంది. ముఖ్యమైన డేటా ఉన్నచోట దీన్ని వెయ్యొద్దని పైనే ఎర్రక్షరాలతో రాశారు. సిగరెట్టు పెట్టె మీద కూడా రాస్తారు, ఎవరు మానేశారు? వేసేసింది. మొహాల పని మొదలవ్వాలంటే డిస్కుల మీద రాత పద్ధతి కొత్తదానికి మార్చాలి, మార్చాక పాత వెర్షన్‌కి వెనక్కి వెళ్లలేరు, సరేనా అని పెట్టె అడిగింది. ఆవిడ సరేనంది.

పని చేసింది, ఏమాటకామాట చెప్పుకోవాలి. సాయంత్రానికి నాలుగువేల మొహాలు, మర్నాడు పొద్దుటికి పదివేలు. పదకొండువేలు దాటుతుండగా కరెంటు పోయింది. యూపీఎస్ బ్యాటరీ వేసవిలోనే నీరసించింది, మార్చాలి మార్చాలి అనుకుంటూనే ఉంది. గోరుచుట్టు మీద రోకటిపోటు.

కరెంటు వచ్చాక పెట్టె లేచింది. లేచి, డిస్కులు తెరవబోయి, ఆరిపోయి, మళ్లీ లేచింది. మళ్లీ ఆరిపోయింది. ఎన్నిసార్లు చూసినా అంతే. వైర్లు ఊడదీసి పెట్టింది. మెమరీ తీసి తుడిచింది. డిస్కులు ఒక్కోటీ తీసి చూసింది. పాత వెర్షన్ పెన్‌డ్రైవ్‌లో వేసి లేపితే, ఇది నాకంటే కొత్తది రాసిన రాత, నేను చదవలేనంది. ఏమీ రాయకుండా చదవడానికి మాత్రమే తెరవమంటే సగం తెరిచి ఆరిపోయింది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిపోయింది.

ఆ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్ల ఫోరంలో తనకొచ్చిన ఇంగ్లీషులో మొరపెట్టుకుంది. ఇంకో ముగ్గురికీ అదే జబ్బట. వాళ్లు చెప్పిన కమాండ్లన్నీ ఒకటి తరవాత ఒకటి కొట్టింది, ఏదీ పనిచెయ్యలేదు. సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లలో ఒకాయన మర్నాటికి జవాబిచ్చాడు. లోపం తెలిసిందేనట, తరవాతి బీటాలో సరిచేస్తారట, ఇప్పటికే చెడినవి మాత్రం వెనక్కి రావడం కష్టమట. చివర్న ఒక ప్రశ్న అడిగాడు, ఇంకో కాపీ ఉందా అని.

ప్రమోదిని కుర్చీలో కూలబడి ఏడ్చింది. పదకొండేళ్ల కష్టం పోయిందని కాదు, అది తరవాత ఏడవచ్చు. దొరికిన వీపునైనా, చేతినైనా ఒక బొమ్మ తీసి పక్కన పెట్టుకోలేదే! మొహం కావాలని పంతానికి పోయి, ఉన్న మనిషిని రెండోసారి ముంచేసింది. గంగమ్మ ఎవరిదో ఫోన్ నుంచి రోజూ అడుగుతూనే ఉంది. ఈవిడ వెతుకుతున్నానని అబద్ధం చెబుతూనే ఉంది.

పదో రోజు పొద్దున్న ఇంక అబద్ధం నోటరాక, ఆటో ఎక్కి భావనపాడు వెళ్లింది. ఎండుచేపలు ఆరబెట్టిన దారిలోంచి గంగమ్మ ఇంటికి నడిచింది. అరుగు మీద కొత్త ఫ్రేము ఉంది. లోపల ఆ జిరాక్సు కాగితమే పెట్టారు. నల్లటి మరకకి అద్దం బిగించారు.

"నాదే తప్పు పిన్నీ," అంది. "నీకు మొహం ఎతికి ఇద్దారని ఏదో కొత్తది ఎక్కించినాను. పెట్టె సచ్చిపోనాది. ఉన్నదీ పోనాది."

గంగమ్మ కొంగుతో ఫ్రేము అద్దం తుడిచింది.

"సముద్రాన్ని ఏటని అడగను?" అంది చివరికి. "అడిగితే పలుకుద్దేటి? నిన్నయితే అడగగలను. ఇంకోపాలి ఎతుకు తల్లీ."

చచ్చినదానిలో ఏం వెతుకుతారు? అయినా ఇల్లు చేరగానే ప్రమోదిని ఆ పెట్టె ముందే కూర్చుంది. చెయ్యడానికి మిగిలిందేమీ లేదు. డిస్కుల్ని ఒక్కోటిగా తీసి చూసిందే గాని, నాలుగూ ఒకేసారి ఎప్పుడూ తియ్యలేదు. కనీసం పెట్టయినా బతికుందా అని నాలుగూ లాగేసి, ఉత్త పెట్టెకి కరెంటిచ్చింది. ఆరిపోలేదు. బీటా కూర్చున్నది లోపల వేరే చిన్న డిస్కు మీద, దానికేమీ కాలేదు. పేజీ తెరుచుకుంది. అలవాటు కొద్దీ మొహాలు అన్నచోట నొక్కింది.

మొహాలు వచ్చాయి. ఒక్కోటి బొటనవేలి గోరంత. వరస మీద వరస, పదకొండువేల మొహాలు. నొక్కితే వీడియో లేదంటోంది, ఏ పెళ్లో తెలీదు, ఏ ఊరో తెలీదు. వీడియోలు డిస్కులతో పోయాయి, ఏరిన మొహాలు మాత్రం ఆ చిన్న డిస్కులో మిగిలిపోయాయి. ముంచిందీ ఆ బీటానే, ఈ కాస్తా ఒడ్డున పడేసిందీ అదే. దాన్ని తిట్టాలో మొక్కాలో ప్రమోదినికి తెలీలేదు. మొహాలన్నీ ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించుకుని, అన్నమైనా తినకుండా వచ్చిన ఆటోకే మళ్లీ కబురు పెట్టింది.

మధ్యాహ్నానికి గంగమ్మ అరుగు నిండా ఆడవాళ్లు. ఒక్కో పేజీ జరుపుతుంటే మొహాలకి పేర్లు పెడుతున్నారు. ఇది ఫలానావాళ్ల పెద్ద కోడలు. వీడు వేటకని గుజరాత్ వెళ్లినవాడు. ఈవిడ కిడ్నీల జబ్బుతో పోయింది, పాపం ఎంత నిండుగా ఉండేదో చూడండి. ఈ మొహాలన్నిటినీ ప్రమోదిని పదకొండేళ్లుగా చూస్తూనే ఉంది. ఒక్క పేరూ తెలీదు. తెలిసిందల్లా ఎవర్ని ఉంచాలి, ఎవర్ని కొయ్యాలి అన్నదే. అది తలుచుకుంటే ఆవిడకి సిగ్గేసింది.

ఏడువేలు దాటాక గంగమ్మ తెర మీద వేలు పెట్టింది. వేలు కింద ఉన్నది ఉత్త మసక. సగం మూసిన కళ్లు, తెరిచిన నోరు, ఒక పక్క వెలుతురు. ఎవరో కాదన్నారు. ఇంకెవరో ఢిల్లీరావు తమ్ముడేమో అన్నారు. గంగమ్మ చెవి చూపించింది. తమ్మె కింద గాలం గీరుకున్న చీలిక ఉంది.

ప్రమోదిని దాన్ని పెద్దది చేసింది. పెద్దది చేసినకొద్దీ మనిషి మంచులోకి వెళ్లిపోతున్నాడు. ల్యాప్‌టాప్‌లో మసకల్ని తేటగా చేసే సాఫ్ట్‌వేర్ ఉంది, పెళ్లికూతుళ్లకి వాడేది. దాంట్లో వేసింది. నిమిషంలో మొహం తేటపడింది. నున్నటి చెంపలు, తీరైన పళ్లు, స్పష్టమైన కళ్లు. ఫ్రేముకి సరిగ్గా సరిపోయే సైజు. చూసిన ఆడవాళ్లందరూ నిట్టూర్చారు, ఎంత బాగున్నాడన్నారు. ప్రమోదినికి నాలుగైదు రోజుల్లో మొదటిసారి ఊపిరాడింది.

గంగమ్మ ఆ మొహాన్ని తలవంచి చూసింది. ల్యాప్‌టాప్ లేవదీసి పక్కనుంచి చూసింది. చీలిక కూడా నున్నగా పూడిపోయింది.

"ఈడెవుడో బాగున్నాడమ్మా," అంది. "మా మావ కాడు. ఆ మసకోడినే ఇయ్యి."

మర్నాడు పెద్దకర్మకి ఆ ఫ్రేములో జిరాక్సు తీసేసి మసకోణ్నే పెట్టారు. అగ్గిపెట్టెంత బొమ్మ, చుట్టూ తెల్ల కాగితం. అంతకంటే పెద్దది చేస్తే మనిషి ఉండడని ప్రమోదిని అక్కడితో ఆపింది. చుట్టాలు తెచ్చిన దండ వేస్తే బొమ్మ పూలకింద పూర్తిగా మునిగిపోయింది. జనం వెనక నిలబడ్డ ప్రమోదినిని గంగమ్మ దగ్గరికి పిలిచింది. దండ పక్కకి జరిపి చూపించింది.

"సెవయితే గుర్తుపట్టినాను గానీ, నాకు కళ్లు అంత ఆనవు. నవ్వుతున్నాడా, ఏడుత్తన్నాడా?"

ఆ మసకలో ఏదీ తెలీదు. ఎన్ని పెళ్లిళ్లలో ఆ మనిషిని కోసిందో గాని, ఒక్కటి మాత్రం ప్రమోదినికి తెలుసు.

"గెంతుతున్నాడు పిన్నీ."

గంగమ్మ తలూపింది. దండ తీసి ఫ్రేము కింద పెట్టింది.