మామయ్యకు కట్టని అంటు

మనిషికి గుండె మార్చారన్న వార్త పేపర్లలో వచ్చిన మరుసటి వేసవిలో మా మామయ్య కార్జానికి చీము పట్టింది.

మామయ్య అంటే మా అమ్మకు తమ్ముడు. నూజివీడు చుట్టుపక్కల తోటల్లో మామిడి అంటు కట్టాలంటే ముందు ఆయన్నే పిలిచేవారు. ఆయనకు దీటైన మనిషి మరొకడు చాట్రాయిలో ఉండేవాడు. మామయ్య వెంకటేశ్వరస్వామికి దణ్ణం పెట్టేవాడు, ఆయన ఆదివారం చర్చికి వెళ్ళేవాడు. అయినా ఇద్దరూ ఒకరినొకరు ‘బావా’ అనే పిలుచుకునేవారు. ఒకరి పనిని ఒకరు మెచ్చుకోగా మాత్రం ఎవరూ వినలేదు. ఇక్కడ ఆయన్ని చాట్రాయి బావ అనే అంటాను. నేను అప్పటికి ఒక దినపత్రికకు ఆ ప్రాంతం వార్తలు పంపుతుండేవాణ్ణి.

ఆ రోజుల్లో అంటు ఎలా కట్టేవారో కాస్త చెప్పాలి. టెంక నుంచి మొలిచిన మొక్కను కుండతో సహా మంచి చెట్టు దగ్గరకు తీసుకెళ్ళి, కొమ్మ అందే ఎత్తులో మంచె వేసి దాని మీద పెట్టేవారు. మొక్కకు ఒక చెక్కు, కొమ్మకు ఒక చెక్కు తీసి, ఆ రెండు గాయాలనూ ఒకదానికొకటి ఆనించి తడి అరటి నారతో బిగించేవారు. మొక్క కుండలోని మట్టి మీద, కొమ్మ చెట్టు మీద బతుకుతూనే నెలల తరబడి అలా కౌగిలించుకుని ఉండేవి. అతికిందని నమ్మకం కుదిరాకే కొమ్మను చెట్టు నుంచి కోసేవారు.

రసాలు కోతకొచ్చిన రోజుల్లో మామయ్యకు చలిజ్వరం పట్టుకుంది. కుడి డొక్కలో పోటు, కళ్ళలో పసుపు. ఎండదెబ్బేనని ఆయన అందరికీ నచ్చజెబుతుండగా అత్తయ్య వినకుండా మామిడికాయల లారీ ఎక్కించింది. రసాల గంపల మధ్య కూర్చుని ఆయన మిషను ఆసుపత్రికి చేరాడు. లోపలికి తీసుకెళ్ళిన నర్సు రోగి కంటే ముందు మామిడిపండు వాసన వచ్చిందని నవ్వింది.

డాక్టరమ్మ ఆయన పక్కటెముకల మధ్య ఒక వేలితో నొక్కింది. మామయ్య వేసిన కేకకు బయట లారీ డ్రైవరు ఉలిక్కిపడి హారను కొట్టాడు. కార్జంలో బంగినపల్లి కాయంత చీముగడ్డ ఉందనీ, ఇంజక్షన్లతో పాటు సూది గుచ్చి చీము లాగాలనీ ఆమె చెప్పింది. అత్తయ్యను పక్కకు పిలిచి, అది లోపల పగిలితే మనిషి దక్కడం కష్టమని కూడా చెప్పింది. మామయ్య ఇంజక్షన్లకు ఒప్పుకున్నాడు గానీ పొడుగు సూదికి ససేమిరా అన్నాడు. పుల్ల గుచ్చిన కాయ కుళ్ళక మానదని ఆయన వాదన. అత్తయ్య ఏడ్చినా, డాక్టరమ్మ కోప్పడినా అదే మాట.

ఆయన మనసు మళ్ళించడానికి నేను పేపరు చదివి వినిపించేవాణ్ణి. లోపలి పేజీలో ఒక మూల చిన్న వార్త ఉంది. విదేశంలో ఒక చనిపోయిన మనిషి కాలేయాన్ని తీసి రోగికి పెట్టారట. కాలేయమంటే కార్జమేనని నేను చెప్పగానే మామయ్య అంత జ్వరంలోనూ లేచి కూర్చున్నాడు.

“చచ్చినోడిదా? ఎండిన కొమ్మ ఎక్కడైనా అతుకుద్దంట్రా? మీ పేపరోళ్ళు తప్పేశారు. ఇద్దర్నీ పక్కపక్కన పడుకోబెట్టి కట్టుంటారు.”

సూది తప్పించుకునే దారి ఆయనకు దొరికింది. రెండు మంచాలు కలిపి వెయ్యాలి. ఇద్దరికీ చెరో చెక్కు తియ్యాలి. అతుకు పడేదాకా, అంటే వానాకాలం దాటేదాకా, అలాగే పడుకోవాలి. వార్డులో ఉన్నవాళ్ళంతా మామిడి తోటల మనుషులే కావడంతో ఒక్కరికీ ఇందులో వింత కనిపించలేదు. పక్కన ఎవరు పడుకోవాలన్నదే చర్చ. అత్తయ్య వెంటనే నేనంది. ఆమె అన్ని నెలలు చెవి పక్కనే మాట్లాడుతుంటే తట్టుకోలేనన్నాడు మామయ్య.

“ఇన్నేళ్ళు పక్కనే ఉన్నాగా, అతికేదైతే ఈపాటికి అతికేది,” అంది అత్తయ్య.

అప్పుడే పండ్ల బుట్టతో వచ్చిన చాట్రాయి బావ సంగతంతా విని, తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు.

“నాది కట్టించుకో బావా. నీది ఎటూ పుల్లటి కాయేగా.”

వార్డుకు కొత్త సందేహం పట్టుకుంది. కొమ్మ ఏ చెట్టుదైతే కాపు ఆ చెట్టుదే కదా. రేపు మామయ్య కూడా ఆదివారం చర్చికెళ్ళి పాటలు పాడతాడా? బావకున్న కల్లు అలవాటు ఈయనకొస్తుందా? కల్లు సంగతి తనకు వదిలెయ్యమన్నాడు చాట్రాయి బావ. ఆ పూట నుంచే మానేశాడు. రెండు మూడు రోజులకు నేను హనుమాన్ జంక్షన్లో టీ తాగుతుంటే, ఎవరో చింతలపూడి మనిషి మిషను ఆసుపత్రిలో ఇద్దరిని అరటి నారతో కట్టేశారనీ, స్వయంగా చూసొచ్చాననీ ఒట్టేసి చెబుతున్నాడు. ఒకడు కదిలితే రెండోవాడు మూలుగుతున్నాడట. నా వృత్తిలో అంత మంచి వార్తను పంపకుండా వదిలేసింది అప్పుడే.

ఆ సాయంత్రానికి మామయ్య జ్వరం మరీ పెరిగింది. మర్నాడు పొద్దున్నే చాట్రాయి బావ తలస్నానం చేసి, ఏమీ తినకుండా, తడి అరటి నార కట్టతో వచ్చి డాక్టరమ్మ ఎదుట నిలబడ్డాడు.

“సిద్ధమేనండీ. చెక్కు మీరు తీస్తారా, నన్ను తియ్యమంటారా?”

డాక్టరమ్మ నవ్వు ఆపుకుంటూ కిటికీ వైపు తిరిగింది. భుజాలు మాత్రం కదిలాయి. తర్వాత మామయ్య మంచం మీద కూర్చుని నెమ్మదిగా చెప్పింది.

“మన దగ్గర అది చేసేవాళ్ళు లేరయ్యా. ఉన్నా నీకు చెయ్యరు. కొత్త కార్జం పెడితే ఒళ్ళు దాన్ని తోసేస్తుంది. తోసెయ్యకుండా ఒంట్లో పోరాడే శక్తినే తగ్గించే మందులిస్తారు. ఇంత చీమున్న ఒంట్లో ఆ శక్తి తగ్గిస్తే చీముదే రాజ్యం. ఏం చెయ్యాలన్నా ముందు చీము పోవాల్సిందే.”

మామయ్య డొక్క మీద చెయ్యి వేసుకుని, చాట్రాయి బావ చేతిలోని నార కట్ట వైపు చూశాడు.

“చీడున్న మొక్కకి మేమూ కట్టమండీ,” అన్నాడు చివరికి. “తియ్యండి చీము.”

సూది దిగుతున్నంతసేపూ ఆయన చాట్రాయి బావ చెయ్యి పట్టుకున్నాడు. చీము చింతపండు గుజ్జు రంగులో సీసాలోకి వస్తుంటే, తలెత్తి చూస్తూ ఇంకా ఉందేమో చూడమని డాక్టరమ్మకే సలహా ఇచ్చాడు. కళ్ళు తిరిగి పడిపోయింది మాత్రం చాట్రాయి బావ. పరగడుపున ఉండటం వల్లేనని ఆయన తర్వాత చాలా ఏళ్ళు చెప్పుకున్నాడు. జ్వరం దిగింది. కళ్ళు తెల్లబడ్డాయి. ఒకరోజు మామయ్య రసం పండు కావాలని అడిగితే, డాక్టరమ్మ ఒక్కటంటే ఒక్కటి తినమంది. అత్తయ్య గంపంతా వెతికి పెద్దది తీసింది.

తొలకరికి ఆయన తోటకొచ్చాడు గానీ మంచె ఎక్కకూడదని డాక్టరమ్మ ఆజ్ఞ. చెట్టు కింద నులకమంచం మీద కూర్చుని, పైన తన బదులు అంటు కడుతున్న చాట్రాయి బావకు వంకలు పెట్టడం మొదలెట్టాడు. చెక్కు లోతైందన్నాడు. నార వదులైందన్నాడు. అటుగా వెళుతున్న గీత కార్మికుడు కల్లు తాగమని ముంత చూపిస్తే చాట్రాయి బావ తల అడ్డంగా ఊపాడు.

“ఇంకొన్నాళ్ళు వద్దులే. బావకి మళ్ళీ అవసరం పడుద్దేమో.”

మామయ్య లేచి, మంచె దగ్గరకు నడిచి, తలెత్తి ఆ కట్టును అటూ ఇటూ చూశాడు.

“ముడి బానే వేశావు,” అన్నాడు.

చాట్రాయి బావ మంచె మీద నుంచి పడబోయి కొమ్మ పట్టుకున్నాడు.