బేనర్ల త్రినాథరావు రాసిన ప్రెస్‌నోట్

గోపాలపట్నంలో త్రినాథరావు ఇల్లెక్కడని అడిగితే ఎవరూ చెప్పలేరు. బేనర్ల త్రినాథరావు ఇల్లెక్కడని అడగండి, కూరల బండివాడు కూడా వేలు పెట్టి చూపిస్తాడు. విశాఖ పోర్టులో గుమాస్తాగా చేరి, ముప్పై ఆరేళ్ళు పనిచేసి, గుమాస్తాగానే రిటైరైన మనిషి. ఆఫీసు పని కంటే యూనియన్ పనే ఎక్కువ చేశాడని గిట్టనివాళ్ళు అంటారు. ఆ మాట ఆయనకు ఇష్టమే, కాదనడు. యూనియన్‌లో ఆయన చేతిలో ఉండేవి రెండు పనులు. ఒకటి పత్రికలకు ప్రెస్‌నోట్లు రాయడం, రెండోది ఊరేగింపులకు బేనర్లు రాయడం. మొదటిది నిజంగా ఆయనే రాసేవాడు. రెండోదాని సంగతి చెప్పడానికే ఈ కథంతా.

ప్రెస్‌నోట్ రాయడంలో ఆయనకు ఆయనే సాటి. అక్కడ ఒప్పుకోక తప్పదు. ముఖ్య అతిథి ఎవరు, గౌరవ అతిథి ఎవరు, ఎవరి పేరు ఎవరి తర్వాత రావాలి, ఎవరి పేరు ముందు పడితే ఎవరు అలుగుతారు, అన్నీ కంఠతా వచ్చు. ఇంకో రహస్యం కూడా తెలుసు. పేపర్లో చోటు చాలకపోతే వార్తను కింద నుంచి కోస్తారు. అందుకని అచ్చు కావలసిన మాట పైన రాస్తాడు. రాయకపోతే ఎవరైనా నొచ్చుకుంటారు, అచ్చయితే మనకు చిక్కు అనుకున్న మాటను చివర రాస్తాడు. ఇలా రాసి ఎన్ని తగువులు తప్పించాడో లెక్కలేదు.

అలాంటి మనిషికి ఒక్క ప్రెస్‌నోట్ రాయడానికి రెండు రోజులు పట్టింది. అది ఆయన భార్య పైడితల్లి బొమ్మల ప్రదర్శన గురించి.

ప్రదర్శన ఆలోచన రిటైర్డ్ ఉద్యోగుల సంఘం అధ్యక్షుడు భీమశంకరరావుది. ఒకప్పుడు యూనియన్ కార్యదర్శి కూడా ఆయనే. మనవరాలి ఓణీల ఫంక్షన్‌కి పిలవడానికి వచ్చి, వెనక గదిలో గోడకు ఆనించి ఉన్న బొమ్మలు చూసి, కాఫీ తాగడం మరిచిపోయాడు. అన్నీ ఎర్ర గుడ్డ మీద వేసినవే. క్రేన్ నీడలో సద్దిమూటలు విప్పుకున్న కళాసీలు, బొగ్గు దుమ్ములో తల తుడుచుకుంటున్న ఆడవాళ్ళు. ఒకదాంట్లో అయితే మనుషులే లేరు. ఊరేగింపులో బేనర్ కింద నుంచి కనిపించే కాళ్ళు మాత్రం ఉన్నాయి, కొన్ని బూట్లతో, కొన్ని హవాయి చెప్పులతో, రెండు ఒట్టివి. "సెల్లెమ్మా, ఇవి ఇంట్లో ఉండాల్సినవి కావు, మన సంఘం హాల్లో ఎడదాం," అన్నాడు భీమశంకరరావు. శుక్రవారం నుంచి మూడు రోజులని అక్కడికక్కడే ఖాయం చేసేశాడు.

మంగళవారం భోజనాలయ్యాక త్రినాథరావు అరగంటలో నోట్ రాసేసి, కుంచెలు కిరసనాయిల్లో కడుగుతున్న భార్యకు గొంతు సవరించుకుని చదివి వినిపించాడు. అతిథుల పేర్లే పదకొండు వచ్చాయి.

"అందరూ వొచ్చీసేరు. మరి నానెక్కడున్నానండీ?" అంది పైడితల్లి.

"ఇదిగో, కిందున్నావు. 'శ్రీమతి పైడితల్లి గృహిణి. చిన్ననాటి నుంచి చిత్రకళపై గల మక్కువతో, భర్త ప్రోత్సాహంతో ఈ చిత్రాలు వేశారు.'"

"ఏటి ప్రోత్సాహం?"

"మాటవరసకి అలాగే రాస్తారే."

ఆమె కుంచె పక్కన పెట్టి, చెయ్యి కొంగుకు తుడుచుకుంది. కోపంగా లేదు. కోపంగా ఉంటే ఆయనకు సులువుగా ఉండేది.

"పేపర్లో నా పేరు పడకపోయినా పర్లేదండీ. హాలుకొచ్చినోళ్ళు, బొమ్మలు ఎక్కడ నేర్సుకున్నావమ్మా అని నన్నడుగుతారు కదా. ఏటి సెప్పమంటారు? మీరు ఏది సెప్పమంటే అదే సెప్తాను."

త్రినాథరావు చేతిలో ఉన్న నోట్‌ను నాలుగు మడతలు పెట్టాడు. ఆమె అడిగినదానికి అసలు జవాబు ఆయనకు తెలుసు.

తొంభయ్యో సంవత్సరంలో సమ్మె జరిగినప్పుడు, సాయంత్రం నాలుగింటికి ఊరేగింపనగా, బేనర్ రాయాల్సిన పెయింటర్ నిచ్చెన మీంచి పడి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. కొత్త పెయింటర్ దొరకలేదు. త్రినాథరావు ఎర్ర గుడ్డా తెల్ల రంగు డబ్బా తీసుకుని ఇంటికొచ్చి, వరండాలో కూలబడి తల పట్టుకున్నాడు. పైడితల్లి తండ్రి చేపల రేవులో పడవల మీద పేర్లూ నంబర్లూ రాసేవాడు. చిన్నప్పుడు తండ్రి గీసిన అక్షరాల్లో రంగు నింపింది ఆమే. "ఇలాగివ్వండి," అని గుడ్డ లాక్కుని నేల మీద పరిచింది. మూడు గంటల్లో రాసేసింది. రంగు ఆరకపోతే త్రినాథరావు ఇంకొకాయన స్కూటర్ వెనక కూర్చుని, ఆ గుడ్డను రెండు చేతులా పట్టుకుని గాలికి ఆరబెట్టుకుంటూ వెళ్ళాడు. ఊరంతా ఆ అక్షరాలు చూసింది.

"ఎవరు రాసేరు బావా ఇది? బెమ్మాండంగా ఉంది!" అన్నాడు అప్పటి కార్యదర్శి భీమశంకరరావు. త్రినాథరావు నవ్వి ఊరుకున్నాడు. ఆయన చేసిన తప్పు అంతే, నవ్వి ఊరుకోవడం. మర్నాడు చెబుదామనుకున్నాడు. మర్నాటికి అందరూ భుజం తట్టడం మొదలుపెట్టారు. భుజం తడుతుంటే చెప్పడం కష్టం. అలా ఫ్లెక్సీలు వచ్చేదాకా పద్దెనిమిదేళ్ళు పైడితల్లి వరండాలో వంగి రాసింది, ఆయన ఊరేగింపులో ముందు నడిచాడు. ఫ్లెక్సీలొచ్చాక మిగిలిపోయిన ఎర్ర గుడ్డ తానుల మీద ఆమె బొమ్మలు వెయ్యడం మొదలుపెట్టింది. ఆయన రిటైరైన రోజున సభ పెట్టి, 'అక్షర కార్మికుడు' అని శాలువా కప్పారు. పైడితల్లి ముందు వరసలో కూర్చుని అందరితోపాటు చప్పట్లు కొట్టింది. ఆ రోజు ఇంటికొచ్చాక కూడా ఒక్క మాట అనలేదు. ఆ సంగతి తల్చుకుంటే త్రినాథరావుకి ఇప్పటికీ సిగ్గుతో చెవులు వేడెక్కుతాయి.

మంగళవారం సాయంత్రమంతా కాగితాల మీద కాగితాలు నలిపాడు. 'బేనర్ల రచనలో భర్తకు సహకరించారు' అని రాశాడు. అది అబద్ధం కంటే అన్యాయంగా ఉంది, కొట్టేశాడు. 'ఇరువురూ కలసి' అని రాశాడు. ఆయన కలిపింది రంగులో కిరసనాయిలు మాత్రమే, అదీ కొట్టేశాడు. బుధవారం పొద్దున్న లేచి, స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, సంతకం పెట్టడానికి కూర్చున్నట్టు కూర్చుని ఏకబిగిన రాసేశాడు. మళ్ళీ చదువుకోలేదు. చదువుకుంటే మెత్తబడిపోతానని తనకు తెలుసు. భార్యకు కూడా వినిపించకుండా మడిచి జేబులో పెట్టుకుని బస్సెక్కాడు.

సంఘం ఆఫీసులో భీమశంకరరావు కళ్ళజోడు పెట్టుకుని చదివి, కళ్ళజోడు తీసి, మళ్ళీ పెట్టుకుని చదివాడు.

"ఇదేటి బావా?"

"ప్రెస్‌నోట్."

"నీకు శాలువా కప్పింది నాను. నలుగురిలో పొగిడింది నాను. ఇప్పుడిది అచ్చయితే జనం నిన్నే కాదు, నన్నూ సూసి నవ్వుతారు. అయినా సెల్లెమ్మ అడిగిందేటి? అడగనేదు కదా!"

"అడగనేదు. అందుకే రాసేను."

భీమశంకరరావు చెడ్డవాడు కాదు. స్నేహితుడి పరువు పోతుందని ఆయన బాధ ఆయనది. గొంతు తగ్గించి ఉపాయం చెప్పాడు. "పోనీ ఒక పని సెయ్. ముందు అతిథుల పేర్లు రాసీసి, ఈ ముక్క ఆకర్న పడీ. నీ మనసుకి రాసినట్టూ ఉంటాది. మిగతాది పేపరోళ్ళు సూసుకుంటారు."

ఈ ఉపాయం త్రినాథరావు ఎంతమందికి నేర్పాడో!

"ఆకర్న ఎడితే కోసీస్తారు బావా. నాకు తెలీదేటి? అందుకే పైన ఎడతన్నాను."

"అలాగైతే సంఘం లెటర్‌హెడ్ మీద ఇవ్వను, స్టాంపు వెయ్యను. తెల్ల కాయితం మీద ప్రెస్‌నోట్ ఎవడేస్తాడు?"

"హాలు ఇస్తావా, ఇవ్వవా?"

"హాలు సెల్లెమ్మకిచ్చేను. దానికీ దీనికీ సమ్మంధం నేదు."

"అది సాలు," అని త్రినాథరావు కాగితం తీసుకుని లేచాడు. ముప్పై నాలుగేళ్ళ స్నేహంలో ఆయన భీమశంకరరావు మాట కాదనడం అదే మొదలు. గబగబా మెట్లు దిగాడు. ఆగలేదు.

పత్రికాఫీసులో రిపోర్టర్ ఇర్ఫాన్ ఆయనకు బాగా తెలిసినవాడే. పాతబస్తీ మనిషి, పదిహేనేళ్ళుగా ఈయన నోట్లు అందుకుంటున్నాడు. ఫోన్‌లో పంపితే పోయేదానికి ఎండలో ఎందుకొచ్చారు సార్ అంటూనే కాగితం విప్పాడు. రెండు వాక్యాలు చదివి తలెత్తాడు.

"లెటర్‌హెడ్ లేదేం సార్?"

"సంఘం తరఫున కాదు బాబూ. నా మీద నానే రాసుకున్నాను. కింద సంతకం, ఫోన్ నంబరూ ఉన్నాయి. ఇంతకంటే సాక్ష్యం ఏటి కావాలి?"

"నిజమే కానీ, ఇలాంటిది వేసేముందు అమ్మగారిని ఒక మాట అడగాలి. లేకపోతే మా డెస్క్ ఒప్పుకోదు. వారికి తెలుసా ఇది?"

త్రినాథరావు అడ్డంగా తలూపాడు. ఇర్ఫాన్ ఆయన ఫోన్‌లోంచే ఇంటికి కలిపి, స్పీకర్ పెట్టి బల్ల మీద ఉంచాడు.

"అమ్మా, నేను పేపర్ నుంచి ఇర్ఫాన్‌ని. సార్ ఒక ప్రెస్‌నోట్ తెచ్చారు. మీ గురించి అందులో రాసింది నిజమేనా అని..."

"ఏటి రాసేరో నాకు తెలీదు బాబూ. సెప్పకుండా పట్టుకెళ్ళిపోయారు. సదివి వినిపించండి."

ఇర్ఫాన్ త్రినాథరావు వైపు చూశాడు. ఆయన కిటికీలోంచి రోడ్డు వైపు చూస్తున్నాడు. ఇర్ఫాన్ చదివాడు.

"'విశాఖ పోర్టు కార్మికులు పద్దెనిమిదేళ్ళపాటు ఊరేగింపుల్లో పట్టుకు నడిచిన బేనర్లన్నీ ఒంటి చేత్తో రాసిన పైడితల్లి గారి బొమ్మల ప్రదర్శన శుక్రవారం ప్రారంభమవుతుంది. ఆ బేనర్లు తాను రాసినవేనని లోకం అనుకుంటే నోరు మెదపకుండా శాలువా కప్పించుకున్న వ్యక్తి ఆమె భర్త త్రినాథరావు. ఈ ప్రకటన రాస్తున్నది ఆయనే. ఆమె ఎవరి వద్దా, ఎవరి ప్రోత్సాహంతోనూ నేర్చుకోలేదు. తండ్రి పడవల మీద, ఆ తర్వాత మా వరండాలో, మోకాళ్ళ మీద కూర్చుని నేర్చుకున్నారు.'"

లైను పోయిందేమోనని ఇర్ఫాన్ ఫోన్ మీదికి వంగి చూశాడు. త్రినాథరావు కిటికీ ఊచ పట్టుకుని నిలబడ్డాడు. తన మాటలే పరాయి గొంతులో విన్నాక, ఇక అవి వెనక్కి తీసుకోవడానికి వీల్లేనివయ్యాయి. భయం వేసింది. హాయిగానూ ఉంది.

"ఉన్నారా అమ్మా? నిజమేనా?"

"నిజమే బాబూ. అలాగే వెయ్యండి. ఒక్క అక్షరం కూడా తియ్యకండి."

"మీరు ఇంకేమైనా చెప్తారా?"

"ఆయన్ని తొందరగా ఇంటికి పంపండి. ఇంకా తొమ్మిది బొమ్మలకి ఫ్రేములు బిగించాల, నా ఒక్కదాని వల్ల అవ్వదు."

మొదటి బేనర్ రాసినప్పటి నుంచీ ఈ ముప్పై నాలుగేళ్ళలో పైడితల్లి తన పనిలోకి మొగుణ్ణి సాయం పిలవడం అదే మొదటిసారి. త్రినాథరావు ఇర్ఫాన్‌కి నమస్కారం పెట్టడం కూడా మరిచిపోయి, జేబురుమాలుతో మొహం తుడుచుకుంటూ, బస్సుకోసం రోడ్డుకు అడ్డంగా పరిగెత్తాడు.