కేరళ వానలో ఉరవకొండ బ్యాకు

మొన్న మా మనవరాలు రాష్ట్రం ఫుట్‌బాల్ జట్టులో ఆడుతుంటే ఇక్కడ ఫోన్లో చూశాను. అక్కడ కుండపోత వాన, ఈ పిల్ల మాత్రం ఒక్కసారైనా తల పైకెత్తకుండా బంతి వెంటే పరుగు. ఆ నిగ్రహం మా ఇంటి ఆస్తి కాదు.

నేను రాష్ట్రం చొక్కా తొడుక్కున్న మొదటి మ్యాచ్ కేరళలో. ఉరవకొండ దగ్గర వేరుశనగ పీకేసిన చేలల్లో, మోకాలి చర్మం నేలకు సమర్పించుకుంటూ నేర్చిన ఆట నాది. బ్యాకుగా నిలబెట్టారు, వెనకబడటం బడిలోనే అలవాటు కనుక ఇబ్బంది లేదు. ఈ మ్యాచ్‌లో నిలదొక్కుకోకపోతే మళ్ళీ పిలుపు రాదని మా కోచ్ ముందే చెప్పేశారు.

కాసేపటికే వాన దిగింది. అంతే, నా కాళ్ళు ఆగిపోయాయి. మా వైపు తొలకరి పడితే ఎంత పనిలో ఉన్నా అందరూ బయటికొచ్చి ముఖం పైకెత్తి నిలబడతారు. నేనూ అలాగే నిలబడి, నాయన విత్తే గొర్రు సిద్ధం చేసుకున్నాడో లేదో అనుకుంటుండగా, వాళ్ళ ఫార్వర్డు నా పక్కనుంచే పోయి గోలు కొట్టాడు.

"ఏమయ్యా, వానెప్పుడూ చూళ్ళేదా?" అని అరిచాడు కోస్తా నుంచి వచ్చిన మా కెప్టెన్.

"చూసినాను గానీ అన్నా, ఇట్ల మొక్కుకోకుండానే పడేది చూడలేదు" అన్నాను.

విరామంలో కోచ్ నన్ను తీసేయబోతే, "తీయొద్దు సార్, ఇంగ తల ఎత్తను" అని పట్టుబట్టాను. రెండో సగమంతా వాన మెడ మీద దంచుతున్నా, బురదలో ఎన్నిసార్లు పడి లేచినా, ఆ ఫార్వర్డు కాళ్ళ మీంచి చూపు తిప్పలేదు. వాడు మళ్ళీ నన్ను దాటలేదు. ఆ ఒక్క గోలుతోనే ఓడిపోయాం గానీ, తర్వాతి మ్యాచ్‌కు కోచ్ చదివిన పేర్లలో నాదీ ఉంది.

ఇంటికొచ్చి ఇదంతా చెబితే నాయన గెలుపోటములు అడగలేదు. "ఆడ పదునెంతైందిరా?" అన్నాడు. విత్తడానికి నేల ఎంత లోతు తడిసిందని ఆయన ప్రశ్న. అంతసేపు బురదలో పొర్లినవాణ్ణి, అది మాత్రం చూసుకోలేదు.

ఇప్పుడు బోర్లొచ్చాయి, డ్రిప్పు పైపులొచ్చాయి, వాన కబురు ఫోనే చెబుతోంది. తల ఎత్తాల్సిన పని పిల్లలకు తప్పింది. మంచిదే, గోల్సు పడవు. మొన్న మ్యాచ్ అయ్యాక సాయంత్రం మనవరాలు ఫోన్ చేసి, "తాతా, గెలిచినాం!" అంది. శభాష్ అనబోతే నోట్లోంచి నాయన మాటే వచ్చింది.

"ఆడ పదునెంతైందమ్మా?"

"పదునంటే ఏంది తాతా?"

ఫోన్లో చెబితే తెలిసేది కాదు. ఇంటికి రానీ, చేలో నిలబెట్టి, మట్టి పిడికిట్లో పెట్టి మరీ చూపిస్తాను. ఈలోగా ఇక్కడ వాన పడాలి, అంతే.