ఖైరున్ ఖలాస్: బ్నీద్ అల్ గార్‌లో ఒక మాటకు అర్థం వెతుక్కుంటూ

నన్ను కువైట్‌కి పంపింది ఒక హీబ్రూ రచయిత్రి. వింతగా ఉంటుందని తెలుసు. ఆవిడ పేరు రాయడం లేదు. రాస్తే, ఇజ్రాయెల్‌తో ఏ సంబంధమూ ఒప్పుకోని కువైట్‌లో ఉన్న మన స్నేహితులు ఈ పోస్టు తెరవడానికి జంకుతారు. యూరప్‌లో యూదుల ఊచకోత నుంచి బతికి బయటపడ్డ తల్లికి పుట్టిన మనిషి ఆవిడ. తల్లి ఇంట్లో ఆ సంగతి ఒక్కనాడూ ఎత్తలేదు. అయినా కూతురికి చిన్నప్పటి నుంచీ రైల్వే స్టేషన్ చూస్తే కాళ్ళు వణుకు. ఆ వణుకు ఎక్కడిదో వెతుకుతూ పోయేవే ఆవిడ నవలలన్నీ. కథ చెప్పకపోయినా భయం మాత్రం పిల్లలకు చేరుతుందంటుంది. తల్లికి సరిగా రాని హీబ్రూలోనే అన్నీ రాసి, చివరికి మంచం పట్టిన ఆమె పక్కన కూర్చుని, ఆమె భాషలోకి మార్చి చదివి వినిపించిందట.

ఇంగ్లీషు అనువాదంలో అది చదువుతుంటే మా అమ్మ గుర్తొచ్చింది. రాజోలులో బస్సెక్కేటప్పుడు అమ్మ మెట్టు మీద కాలు పెట్టి వెనక్కి చూస్తుంది, ఎవరైనా మిగిలిపోయారేమోనని. నాకూ అదే రోగం. కాలేజీ టూర్లలో అందరి తలలూ కనబడితే గానీ బస్సు కదలనిచ్చేదాన్ని కాదు, ‘కండక్టరమ్మ’ అని పేరు పెట్టారు. పుస్తకం మూసి అమ్మని వదలకుండా అడిగాను. తొంభైలో ఇరాక్ సైన్యం కువైట్‌లో దిగినప్పుడు అమ్మ కువైట్ సిటీలోని బ్నీద్ అల్ గార్‌లో ఒకరింట్లో పనిచేస్తోంది. అప్పటికి వెళ్ళి నిండా మూడు నెలలు కాలేదు. పక్కింట్లో పనిచేసే రాయచోటి అమ్మాయి ఖైరున్ ఒక్కతే తోడు. మనవాళ్ళని జోర్డాన్ తీసుకెళ్ళే బస్సు కదలబోతుంటే అమ్మ పరుగున వెళ్ళి ఆ ఇంటి వాచ్‌మన్‌ని అడిగింది. అతను రెండు చేతులూ దులిపి "ఖైరున్ ఖలాస్" అన్నాడు. మన దగ్గర మనిషిని ఖలాస్ అంటే ఇంకేముంది, పోయినట్టే. "కాస్త ముందెళ్ళుంటే బతికేదేమోనే" అంది అమ్మ. ఆ మాట అంతకుముందు ఎవరితోనూ అనలేదు.

ఖైరున్‌ని ఎక్కడ పాతిపెట్టారో తెలుసుకుని అమ్మకి చెబుదామని విజిట్ వీసా మీద వెళ్ళాను. సబా అల్ సలేంలో పెద్దమ్మ కూతురి ఇంట్లో దిగాను. ఎండ ముదరకముందే, ఏడున్నరకి బయల్దేరాను. బస్సు చాలా చవక గానీ స్టాపు దాకా నడక ఎక్కువ. అందుకే నాలుగు దీనార్లకి టాక్సీ మాట్లాడుకున్నాను. రాయచోటి పేరు విని అక్క ఆ ఊరి డ్రైవర్నే చూసి పెట్టింది. పేరు యూసుఫ్ భాయ్, యాభై దాటినాయన. అరగంట పైనే పట్టింది. అమ్మ చెప్పిన సందులో పాత ఇళ్ళు లేవు. ఒక పక్క అద్దాల అపార్టుమెంటు, ఒక పక్క కార్లు నిలిపిన ఇసక నేల. ఫోటో తీయడానికి గేటైనా మిగల్లేదు.

"భాయ్, తొంభైలో పోయినవాళ్ళ సమాధులు ఎక్కడుంటాయి?" అని అడిగాను.

"ఎవురు పోయినారు పాపా?"

అంతా చెప్పాను. వాచ్‌మన్ మాట దగ్గరికి రాగానే ఆయన కారు ఆ ఇసక నేల మీద ఆపి నవ్వాడు. నాకు ఒళ్ళు మండింది.

"కోపం వద్దు పాపా. ఆడమనిషి సచ్చిపోతే ఈడ మాతత్ అంటారు. ఖలాస్ అంటే అయిపోయింది, సాలు అని. పని ముగిస్తే ఖలాస్, చాయ్ వద్దంటే ఖలాస్. నిన్న మా కఫీల్, అదే మా సేటు, ‘యూసుఫ్ ఖలాస్’ అన్నాడు. నేను సచ్చినానా? డ్యూటీ అయిపోయింది, ఇంటికి పో అని!"

"మరి ఖైరున్?"

"ఆ ఇంట్లో పని ఖలాస్ అయింటాది. అప్పుడు శానామంది కువైటీలు సౌదీకి పోతా పనోళ్ళను గూడా కార్లో ఎక్కించుకొని పోయినారంట. యాడికి పోయిందో చెప్పలేను. సచ్చిందని మాత్రం ఆ వాచ్‌మన్ అన్లేదు."

అక్కడి నుంచే అమ్మకి ఫోన్ చేసి స్పీకర్లో పెట్టాను. ఖలాస్‌కి అర్థం విని కసురుకుంది. "మరి ఆ చేతులు దులపడం ఏంటే?"

"అమ్మా, ఈడ అందరూ అట్లనే దులుపుతారు!" అని అరిచాడు యూసుఫ్ భాయ్.

"ఎవరే ఆయన?"

"రాయచోటి ఆయనే అమ్మా."

అమ్మ గొంతు మారిపోయింది. "ఏవండీ, దాని నాన్నది గాజుల కొట్టండి. అది తెల్లగా, పొట్టిగా ఉంటుందండి. ఎడమ చెంప మీద పుట్టుమచ్చ ఉంటుంది. మీవాళ్ళని ఓసారి అడిగి చూడరా అండీ?"

ఖైరున్ ఉందో లేదో ఇది రాసేనాటికి ఇంకా తెలియదు. యూసుఫ్ భాయ్ వాళ్ళ చిన్నమ్మ రాయచోటి గాజుల అంగళ్ళలో వాకబు చేస్తోంది. కానీ అమ్మ ‘ఉండేది’ అనలేదు, ‘ఉంటుంది’ అంది. ఆ రచయిత్రి జీవితమంతా చేసిన పని ఏమిటో నాకు ఆ ఇసక నేల మీద అర్థమైంది. భయంలోంచి మాటని బయటికి తీసి, అది పట్టుకుని మనుషుల్ని అడుగుతూ తిరగడం. నాకైతే ఒక్క ఉదయమే పట్టింది, అదృష్టవంతురాలిని. ఇలాంటి పని మీద వెళ్ళేవాళ్ళకి ఒక్క సలహా: ఇంట్లోవాళ్ళని వాళ్ళకేం అర్థమైందని అడిగి ఊరుకోకండి, చెవిన పడ్డ మాట ఏమిటో అడిగి తెలుసుకుని బయల్దేరండి.