పెరగని అంకె

మా చిన్నన్న లేడు. పోయిన నెల ఒక శుక్రవారం పొద్దున, శాలిబండలో మూడో ఇంటి మెట్ల మీద పాల క్యాను దించి కూర్చున్నాడు, మళ్లీ లేవలేదు.

ఆయన దగ్గర పాలు పోయించుకున్నవాళ్లకు ఆ చెయ్యి గుర్తుంటుంది. కొలిచాక కొంచెం కొసరు పోసేవాడు. "బస్, చాలు అన్నా" అంటే, "బర్రె నాకు కొలిచి ఇచ్చిందా అక్కా?" అనేవాడు.

పోవడానికి నెల ముందు డాక్టరు ఆయన గుండె కండరం మందంగా ఉందని, ఇది వంశంలో వచ్చేదని చెప్పాడు. మా బాపు కూడా నడుస్తూ నడుస్తూనే కూలిపోయాడు. బెల్టు మీద నడిపించే పరీక్షకు నేనే వెంట వెళ్లాను. అన్న చెమటలు కారుతూ ఉరికాడు. చేతి పట్టీ చూపించే బీపీ మాత్రం మొదట ఎంతో చివరికీ అంతే. రిపోర్టు డాక్టరుకు చూపెట్టమని చేతికిచ్చారు.

"చూసినవా చెల్లె, గంత ఉరికినా బీపీ పెరగలే! పహిల్వాన్ గుండె నాది" అని నవ్వాడు.

రోజూ బీపీ గోలీ మింగేదాన్ని నేను. పెరగడమే జబ్బనుకున్నాను. ఆ కాగితానికి పసుపు పెట్టి అమ్మవారి పటం ముందు ఉంచాను.

"డాక్టరుకు చూపెట్టొద్దా?" అంది వదిన.

"బోనాలు కానీ వదినా. మంచిగనే వచ్చింది గద" అన్నది నేనే.

బోనాలకు తొమ్మిది రోజుల ముందే అన్న పోయాడు.

దినాలయ్యాక ఆ కాగితం తీసుకెళ్లాను. డాక్టరు బీపీ అంకెల మీద వేలు పెట్టాడు. "ఉరికినప్పుడు బీపీ పెరగాలమ్మా. ఈ జబ్బులో పెరగకపోతే అదొక ప్రమాద సూచన."

"అప్పుడే తెస్తే బతికేవాడా సారూ?"

"చెప్పలేను."

ఆ మాట నన్ను వదలడం లేదు. మీ ఇంట్లో ఇలాంటి కాగితం ఉంటే దేవుడి ముందు తప్పక పెట్టండి. కానీ ముందు డాక్టరుకు చూపించండి.

అన్న బిడ్డకు పందొమ్మిదేళ్లు. దాని గుండె కండరమూ మందంగానే ఉందన్నారు. నిన్న అదే బెల్టు ఎక్కించారు. డాక్టరు పక్కనే నిలబడ్డాడు.

"అత్తా, గట్ల చూడకు, నవ్వొస్తుంది" అంది.

వేగం పెంచారు. చేతి పట్టీ బుస్సుమని ఉబ్బింది. ఇన్నేళ్లూ తగ్గించు తల్లీ అని మొక్కినదాన్ని, కొంగు పిడికిట్లో పట్టుకుని ఆ అంకెనే చూస్తూ నిలబడ్డాను. పెంచు తల్లీ. ఇంకొంచెం. కొసరు.