నేను టైపు చెయ్యని పేజీ

గల్ఫ్‌లో ఉన్నప్పుడు, అల్ ఖువైర్‌లో జిరాక్స్ షాపతను ఒక పేజీ పోగొట్టాడని చాలా ఏళ్లు చెబుతూ వచ్చాను. అతను ఏదీ పోగొట్టలేదు. ఆ పేజీని నేనే టైపు చెయ్యలేదు.

తొంభైల మొదట్లో నేనక్కడ ఒక కంపెనీలో టైపిస్టుని. ఇబ్రా అనే ఊరి వైపు పాత మట్టి కోటల మరమ్మతు చూసే ఇటలీ ఇంజినీరు ఒకాయన మా ఆఫీసులోనే కూర్చునేవారు. అరవై దాటినవారు, వాళ్ల దేశంలో పేరున్న జమీందారీ వంశం. కళ్లలో శుక్లాలు ముదురుతున్నా తన వంశ చరిత్రను, దేశదేశాల్లో ఉన్న బంధువులు కూడా చదవాలని, ఇంగ్లీషులో చేత్తో రాస్తుండేవారు. గురువారం ఒంటిపూట డ్యూటీ దిగి, పక్కనే ఖురంలో ఉన్న ఆయన ఇంటికి వెళ్లి అది కంప్యూటర్‌లో కొట్టడం నా పని. ఏ కొండ ఎవరి వాటాకు వచ్చింది, ఏ ద్రాక్షతోట ఏ పెళ్లితో చేతులు మారింది, ఏ యుద్ధంలో మేడ పైకప్పు కూలింది, అన్నీ అందులో ఉండేవి.

ఆ ఇంట్లో వంట చేసేది కడప ఆమె. టీ పెడుతూ అడిగేది.

"ఏమన్నా, మా సార్ తాతలను యాడిదాంకా తెచ్చినావు?"

"ఇంకా గుర్రాల మీదే ఉన్నారమ్మా."

"బిన్నా దింపు సామీ. సార్ సెల్లెలికి ఈ పుస్తకం పోవల్లంట. ఆయమ్మ పలికి ఇరవై ఏండ్లాయనంట."

ఆ చెల్లెలి సంగతి నలభై రెండో కాగితంలో వచ్చింది. ఆలివ్ కాయలు ఏరే కూలి మనిషికీ ఆయన తండ్రికీ పుట్టిన బిడ్డ ఆమె. నూనె మిల్లు, దాని పక్క ఇల్లు ఆమెవేనని తండ్రి పోయేముందు చెప్పాడు. ఆ మాట విన్నది ఈయన ఒక్కరే. అయినా అన్నలు అమ్ముతామంటే ఈయన సంతకం పెట్టేశారు. ఆ సంతకం తప్పని, ఆమె తమ ఇంటి ఆడపడుచేనని రాశారు.

నా చేతులు ఆగిపోయాయి. మా ఊళ్లో గోత్రాలు చెప్పేవాళ్లు ఏటా వచ్చి మా ఇంటి తరాల పేర్లన్నీ పాడేవారు. మా తాత చేరదీసిన మనిషి పేరు, ఆమె పిల్లల పేర్లు మాత్రం పాడేవారు కాదు. అందుకు తాత ఇంకో కుంచం వడ్లు కొలిపించేవాడు. ఇంటి పరువు కాపాడడమంటే అదేనని నేర్చుకుని పెరిగాను. ముసలాయన ఏదో బాధలో రాసుకున్నాడు, బంధువులంతా చదివే పుస్తకంలో ఇదెందుకు అనుకున్నాను. ఆయన్ని అడగలేదు. తర్వాతి కాగితానికి నలభై రెండని నంబరు వేసి కొట్టేశాను.

పుస్తకం జిరాక్స్ ప్రతులు ఇటలీకి వెళ్లాయి. రెండు నెలలకు చెల్లెలి ఉత్తరం వచ్చింది. తనకోసం ప్రతి పేజీ రెండుసార్లు వెతుక్కున్నానని, ఇంకెప్పుడూ రాయవద్దని అందులో ఉంది. ఆయన నన్ను పిలిచి ఇంగ్లీషులో చదివి వినిపించారు.

"జిరాక్స్ షాపులో ఒక పేజీ జారిపోయినట్టుంది సార్" అన్నాను.

ఆయన తన ప్రతి తీసి, భూతద్దం పెట్టి పేజీ నంబర్లు చూశారు. నలభై ఒకటి, నలభై రెండు, నలభై మూడు. ఎక్కడా ఖాళీ లేదు. పుస్తకం మూసి "సరే, నువ్వు వెళ్లు" అన్నారు.

ఆ తర్వాత నాకు టైపు పని ఇవ్వలేదు. ఆఫీసులో కనబడితే మామూలుగానే పలకరించేవారు. ఆ మామూలుతనం భరించడమే కష్టంగా ఉండేది. ఒకరోజు కూరగాయల మార్కెట్లో కడప ఆమె ఎదురైంది.

"సార్ ఆ కాగితం మళ్లా సేత్తో రాసి పంపిచ్చినాడు. కవర్ ఇప్పకుండానే తిరిగొచ్చింది" అంది. కూరలు సంచిలో వేసుకుంటూ, "ఆ కాగితం నువ్వే ఇడిసినావని నాకు తెలుసులే. పెద్దోళ్ల పరువు మోసేదానికి నువ్వెవురన్నా? ఆయప్ప అడిగినాడా నిన్ను?" అంది.



ఆయన దేశం వెళ్లిపోయేటప్పుడు పెట్టెలు కట్టడానికి వెళ్లాను, చెప్పేయాలనే వెళ్లాను. తాళ్లు బిగించాను, లేబుళ్లు అంటించాను, చెయ్యి కలిపి వచ్చేశాను. ఆ అన్నాచెల్లెళ్లు మళ్లీ మాట్లాడుకున్నారో లేదో నాకు తెలియదు. ఆమెను ఆ వంశ చరిత్రలోంచి తీసేసింది మాత్రం ఆమె అన్న కాదు, నేను.